పెద్ద అక్షరాల్లో పేరు

అతని పేరు ఇక్కడ రాయను. తన పేరు పెద్ద అక్షరాల్లో చూడాలని పదిహేడేళ్లు ఒళ్లు హూనం చేసుకున్న మనిషి అతను. ఆ పేరుని ఇలా చిన్న అక్షరాల్లో, అదీ నా చేత్తో రాయడానికి మనసొప్పడం లేదు. మెక్సికో నుంచి వచ్చిన బాక్సర్ అంటాను. నాకు తెలిసిన బాక్సర్ అతనొక్కడే కాబట్టి ఆ మాట చాలు.

నలభై ఎనిమిదేళ్ల ఆడమనిషికి, అందులోనూ అమెరికాలో బాతెల్ అనే ఊళ్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునే గుంటూరు మనిషికి, బాక్సింగ్ జిమ్‌లో ఏం పని అని మీరు అడగొచ్చు. షుగర్ గీత దాటబోతోందని డాక్టర్ భయపెట్టింది. యోగాకి వెళ్తే శవాసనంలో గురక పెట్టి పక్కవాళ్ల చేత లేపించుకున్నాను. ట్రెడ్‌మిల్ ఎక్కితే ఎక్కడికీ చేరని ఆ నడక మీద నాకే ఒళ్లు మండేది. ఒక జనవరి ఉదయం ఆఫీసుకి వెళ్లే దారిలో, టైర్ల షాపు వెనక గోడౌన్ లాంటి దాని తలుపు మీద ‘కొత్తవాళ్లకి క్లాసు, ఉదయం ఆరుకి’ అని కాగితం అంటించి ఉంటే చూసి కారు ఆపాను.

“ఏందే, గుద్దులాట నేర్సుకుంటవా? ఇగ నేను ఇంట్ల హెల్మెట్ పెట్టుకొని తిరగాల్నా?” అన్నారు మా ఆయన. ఆయనది కరీంనగర్. పాతికేళ్ల కాపురంలో నా కోపం సంగతి ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఆ క్లాసు చెప్పేది అతనే. ముప్పై మూడేళ్లుంటాయి. ముక్కు ఎప్పుడో విరిగి అణిగిపోయింది. గొంతు మాత్రం చాలా మెత్తన. మొదటి రోజు నన్ను స్టూల్ మీద కూర్చోబెట్టి, “వేళ్లు బాగా విప్పండి సెన్యోరా” అని (వాళ్ల భాషలో ‘అమ్మగారూ’ అన్నమాట), రెండు బారలకి పైగా పొడవున్న గుడ్డపట్టీ తీసుకుని నా చేతులకి చుట్టాడు. మణికట్టు చుట్టూ మూడుసార్లు, వేళ్ల సందుల్లోంచి ఒక్కోసారి, మళ్లీ పిడికిలి మీంచి. బిగుతైతే చెప్పమన్నాడు. నా చేతుల్ని అంత శ్రద్ధగా పట్టుకుని చూసినవాళ్లు అంతకు ముందు గాజులు తొడిగే ఆవిడ ఒక్కతే.

మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషు. ఇద్దరిదీ అరువు ఇంగ్లీషే. తప్పు మాట్లాడితే దిద్దేవాళ్లు లేరు గనక హాయిగా మాట్లాడుకునేవాళ్లం. ఇక్కడ అతని మాటలన్నీ నా తెలుగులో రాస్తున్నాను.

అతని రోజు వింటే నాకు నీరసం వచ్చేది. తెల్లవారకముందే నది పక్క నడకదారిలో ఎనిమిది మైళ్లు పరుగు. ఆరింటికి మా లాంటి బరువు మనుషులకి పాఠం. ఏడున్నర నుంచి మూడింటి దాకా ఇళ్ల పైకప్పులు వేసే పని, ఎండైనా వానైనా. సాయంత్రం రెండు గంటలు తన కోచ్‌తో అసలు సాధన. కోచ్ వాళ్ల ఊరివాడే, తల నెరిసిన పెద్దాయన, రోజుకి పది మాటలు మించి మాట్లాడడు. తాడు గెంతడం, పాత లారీ టైరు మీద ఎగరడం, మెడకి పట్టీ కట్టుకుని బరువులెత్తడం. అన్నిటికన్నా ముఖ్యం ఎడమచేతి దెబ్బ. ఎదుటివాడి పక్కటెముకల కింద, కాలేయం ఉండే చోట పడే దెబ్బ. ఆ ఒక్క దెబ్బనే ఇసక సంచీ మీద రోజుకి మూడు వందల సార్లు కొట్టేవాడు. ఆ సంచీకి ఆ చోట తోలు నల్లగా అరిగిపోయింది.

ఇంత ఎందుకు అని ఒకరోజు అడిగేశాను. మనకి ఊరుకునే అలవాటు లేదు కదా. పట్టీ చుడుతూ, తల ఎత్తకుండా చెప్పాడు.

“మా నాన్న కూడా బాక్సరే సెన్యోరా. కానీ ఆయన పేరు మీరు ఎక్కడా చూసి ఉండరు. ఛాంపియన్లు సాధన చేసుకోవడానికి ఎదురుగా ఒక మనిషి నిలబడాలి కదా. ఆ మనిషి మా నాన్న. ఇరవై ఏళ్లు దెబ్బలు తినడమే ఆయన ఉద్యోగం.”

వాళ్ల ఊళ్లో బాక్సింగ్ పోటీ జరిగితే వీధి గోడల మీద చేత్తో రంగులేసి రాస్తారట. పెద్ద బాక్సర్ల పేర్లు మనిషెత్తు అక్షరాల్లో, ఎరుపూ నలుపూ. తండ్రి పేరు ఒకే ఒక్కసారి అలా గోడ ఎక్కింది. అన్నిటికన్నా కింది వరసలో, వేలెడంత అక్షరాల్లో, కుక్కలు కాలెత్తే చోట. ఐదేళ్ల కొడుకుని భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లి, ఆ పేరు చూపించడానికి మళ్లీ కిందికి దింపాడట ఆయన.

ఇప్పుడు ఆ తండ్రికి తిన్న దెబ్బలన్నీ తలలో లెక్క తేలాయి. చేతులు వణుకుతాయి. పొద్దున జరిగింది సాయంత్రానికి గుర్తుండదు. కళ్లు కూడా దెబ్బతిన్నాయి, మామూలు అక్షరాలు నల్లటి గీతల్లా కనిపిస్తాయి.

“మా ఇంటి ఎదురుగా ఒక పెద్ద గోడ ఉంది. దాని మీద మా పేరు, నాన్నదీ నాదీ ఒకటే, ఆయన చదవగలిగేంత పెద్దగా ఉండాలి. నాకు కావలసింది అంతే” అన్నాడు.

దానికి ఛాంపియన్‌తో పోటీ దొరకాలి. అది దొరకడానికి ఇంకొక్క పోటీ మిగిలింది. సెప్టెంబర్ ఆఖర్న, మాకు గంట దూరంలో ఉన్న ఒక కసీనో హాల్లో. అందులో గెలిచినవాడికి ఛాంపియన్‌ని సవాలు చేసే హక్కు. ఆ పెద్ద పోటీ అతని సొంత రాష్ట్రంలోనే పెట్టిస్తామని నిర్వాహకులు మాటిచ్చారు.

నాది ఇంజనీరు బుర్ర. దగ్గరి దారి లేకుండా ఏదీ ఆలోచించదు. “ఓ పెయింట్ డబ్బా పట్టుకెళ్లి నువ్వే రాయించెయ్యొచ్చు కదయ్యా. ఆయనకి తెలుస్తుందా ఏమన్నా?” అన్నాను.

అతనికి కోపం రాలేదు. “రాయించొచ్చు. కానీ గోడ మీద పేరు చూడగానే ఏ బాక్సరైనా ముందు అడిగేది ‘పోటీ ఎప్పుడు?’ అని. మా నాన్న అన్నీ మరిచిపోయారు గానీ అది మరిచిపోలేదు. ఆయన అడిగితే ఏం చెప్పను?” అన్నాడు. ఆ రోజు నా గుద్దుల్లో బలం లేదని కూడా అన్నాడు.

జూన్‌లో జిమ్‌లో అందరూ తలా ఒక వంట తెచ్చుకుని భోజనాలు పెట్టుకున్నాం. నేను పెరుగన్నం, చల్ల మిరపకాయలు పట్టుకెళ్లాను. తెల్లవాళ్లు ఆ మిరపకాయల్ని కాలిపోయిన వస్తువుని చూసినట్టు చూశారు. అతను ఒకటి తీసుకుని కరకరా నమిలి, కళ్లు మూసుకుని, రెండోది తీసుకున్నాడు. పది తిన్నాక ఇవెలా చేస్తారని అడిగాడు. మజ్జిగలో ఉప్పేసి, గాటు పెట్టిన మిరపకాయలు నానబెట్టి, పగలు ఎండలో ఆరబెట్టి, సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలో వేసి, మజ్జిగంతా ఇంకేదాకా ఇలా రోజుల తరబడి చేస్తామని చెప్పాను. ఇంత ఓపిక ఉన్న దేశం నుంచి బాక్సర్లెందుకు రారో అని ఆశ్చర్యపోయాడు.

ఇండియన్ షాపులో దొరికే మిరపకాయలు సన్నగా ఉండి ఎండితే గడ్డిపోచలవుతాయని నా గోడు వినిపిస్తే, మర్నాటికి వాళ్ల షాపు నుంచి సెరానో మిరపకాయలు తెచ్చిచ్చాడు. కండగా, పొట్టిగా, ఎలా ఉన్నాయంటే గాటు పెట్టేటప్పుడే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ జులై, ఆగస్టు మా వెనక డెక్ మీద పాత చీర పరిచి వాటిని ఎండబెట్టాను. ఉడతల్ని తోలడానికి వర్క్ ఫ్రం హోమ్ పెట్టుకున్నాను. మెక్సికో కాయ, గుంటూరు చెయ్యి. అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. వారానికోసారి స్టీలు డబ్బాలో వేయించి తీసుకెళ్లేదాన్ని. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు, ఏదో ఒకటి వెయ్యాలి అని మా ఇంటి పద్ధతి చెప్తే, వాళ్లమ్మా అదే అంటుందని నవ్వాడు. డబ్బా నిమ్మకాయలతోనో, చింతపండు బిళ్లలతోనో తిరిగొచ్చేది. నాకు తమ్ముడు లేడు. ఆ లోటు అప్పటిదాకా నాకు తెలియనే లేదు.

ఇక ఆ బుధవారం.

బరువు చూసేది శుక్రవారం మధ్యాహ్నం, పోటీ శనివారం. వాళ్ల పోటీలో నూట ముప్పై ఐదు పౌండ్లు మించకూడదు. అతని మామూలు బరువు నూట యాభై దాకా ఉంటుంది. రెండు నెలలుగా తగ్గిస్తూనే ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి, కళ్లు పెద్దవయ్యాయి. క్లాసయ్యాక వెనక గదిలో బల్ల మీద తన గిన్నె తెరిచాడు. ఉడకబెట్టిన కోడిమాంసం, గుప్పెడు అన్నం. పక్కన గుర్తులు గీసిన సీసాలో కొలిచి పోసుకున్న నీళ్లు. కోచ్ ఆ పొద్దున లైసెన్సు కాగితాల పని మీద బయటికి వెళ్లాడు. అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగడానికి అవస్థపడడం నేను చూశాను.

నా సంచిలో డబ్బా సిద్ధంగా ఉంది. ఊరికే ఏం తేలేదు, ఆలోచించే తెచ్చాను. బరువు తగ్గించుకుంటున్న మనిషి కదా, నూనె తగలకూడదని ఓవెన్‌లో వేయించాను. ఒక్క చుక్క నూనె లేదు. ఆ జాగ్రత్త తలుచుకుని పొద్దున్నే నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. మా ఇళ్లలో బరువంటే నూనె, నెయ్యి, అన్నం, స్వీట్లు. ఉప్పు రుచి కోసం వేసుకునేదే గానీ ఉప్పుకి బరువేమిటి?

“నూనె లేదు. జీరో. తిను” అని డబ్బా మూత తీశాను.

అతను డబ్బా వైపు చూశాడు. కోచ్ గది తలుపు వైపు చూశాడు. మళ్లీ నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అప్పుడు మాత్రం మొహమాటపడుతున్నాడనే అనుకున్నాను. మొహమాటపడేవాళ్లకి ఎలా వడ్డించాలో మాకు పుట్టుకతోనే వస్తుంది. “ఉప్పూ కారం తినే మనిషికే రోషం ఉంటుందంటారు మా వైపు. ఇలా చప్పిడి తింటే రింగులో ఏం కొడతావు? తిను నాయనా” అన్నాను. చంటిపిల్లాడిని గదమాయించినట్టు గదమాయించాను.

అతను నవ్వి ఒకటి తీసుకున్నాడు. తర్వాత ఇంకొకటి. ఆ చప్పటి అన్నంలో నలుపుకుని తిన్నాడు. నేను ఎదురుగా నిలబడి, తినేదాకా చూశాను. ఆఫీసుకి టైమవుతోందని డబ్బా అక్కడే వదిలేసి, “ఖాళీ చేసి ఇవ్వు” అని చెప్పి వచ్చేశాను. నా ఉద్యోగమే ముందుగా తప్పులు పట్టుకోవడం. ఏది నొక్కితే ఏమవుతుందో అని రోజుకి వంద ప్రశ్నలు వేసే నేను, ఆ రోజు ఒక్క ప్రశ్న అడగలేదు.

శుక్రవారం సెలవు పెట్టి, మా అమ్మాయిని వెంటబెట్టుకుని కసీనోకి వెళ్లాను. అది ఇక్కడే పుట్టింది, ఇక్కడే కాలేజీ. బరువు చూడ్డం కూడా ఒక తమాషాలా చేస్తారని అక్కడికి వెళ్లాకే తెలిసింది. వేదిక, దీపాలు, ఫోన్లెత్తి పట్టుకున్న జనం. ప్రత్యర్థి ముందు ఎక్కాడు. నూట ముప్పై నాలుగున్నర. కండలు చూపించి దిగిపోయాడు. తర్వాత అతను ఎక్కాడు. అధికారి ముల్లు చూసి, మళ్లీ చూసి, మైకులో చదివాడు. ఒకటింబావు పౌండు ఎక్కువ.

కోచ్ మొహం పాలిపోయింది. ఇద్దరు చుట్టూ తువ్వాలు పట్టుకుంటే ఉన్న ఆ కాస్త బట్టా విప్పేసి మళ్లీ ఎక్కాడు. ముల్లు పెద్దగా కదల్లేదు. రెండు గంటల్లో తగ్గించుకు రావాలని అధికారి చెప్పాడు. పదిహేడేళ్లలో ఒక్కసారి కూడా బరువు తప్పని మనిషని వెనక ఎవరో అంటున్నారు.

“అమ్మా, అదంతా వాటర్ వెయిటే అయ్యుంటది. సాల్టీగా ఏదో తినేసాడు” అంది మా అమ్మాయి.

“ఉప్పుకీ బరువుకీ ఏమిటే సంబంధం?”

“సాల్ట్ తింటే బాడీ వాటర్ హోల్డ్ చేస్తది కదా. మా స్కూల్‌లో రెజ్లింగ్ బాయ్స్ వెయిట్ చెక్ ముందు వన్ వీక్ సాల్ట్ టచ్ కూడా చెయ్యరు. ఎవ్రీవన్ నోస్ దట్.”

“నూనె లేకుండానే చేశానే” అన్నాను. నా నోరు దానంతట అది అంది.

అది నా వైపు తిరిగింది. “అమ్మా. వాట్ డిడ్ యు గివ్ హిమ్?”

దానికి నా మొహం చూస్తే సరిపోయింది. నా చెయ్యి పట్టుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ రెండు గంటలూ వెనక వరండాలో అతను ఒళ్లంతా కప్పే ప్లాస్టిక్ కోటు వేసుకుని తాడు గెంతాడు. చెమట పోస్తే బరువు తగ్గుతుంది. కానీ అప్పటికే రెండు రోజులుగా గుక్కెడు నీళ్లతో ఉన్న ఒంట్లోంచి చెమట రావడం లేదు. గెంతి గెంతి కూలబడితే కోచ్ లేపుతున్నాడు. బబుల్‌గమ్ నములుతూ సీసాలోకి ఉమ్ముతున్నాడు, ఆ కాస్త తడీ బరువే కదా అని. ఆఖరికి కోచ్ కత్తిరింపు మెషీన్ తెచ్చి అతని జుట్టంతా తీసేశాడు. దట్టమైన నల్లటి జుట్టు. తిరుపతిలో తలనీలాలిచ్చేవాళ్లని ఎంతమందిని చూడలేదు నేను? వాళ్ల మొహాల్లో ఒక నిశ్చింత ఉంటుంది. ఇతని మొహంలో అది లేదు. నేల మీద పడ్డ జుట్టు చూసి నేను గోడకి తిరిగి ఏడ్చాను.

మళ్లీ ఎక్కాడు. అర పౌండు ఎక్కువ.

అర పౌండంటే పావుకిలో కూడా కాదు. నేనిచ్చిన స్టీలు డబ్బా అంతకన్నా బరువుంటుంది.

ప్రత్యర్థి పోటీకి ఒప్పుకున్నాడు. కానీ బరువు తప్పాడు గనక ఇతను గెలిచినా సవాలు చేసే హక్కు రాదని నియమం. ఓడిపోతే ప్రత్యర్థికి వస్తుంది. అంటే ఇక అతనికి ఓడిపోవడానికి తప్ప గెలవడానికి ఏమీ లేదు. అయినా శనివారం రింగెక్కాడు. గుండుతో, పీక్కుపోయిన మొహంతో, కాళ్లు తడబడుతూ ఐదు రౌండ్లు దెబ్బలు తిన్నాడు. ఆరో రౌండులో ఆ ఎడమచేతి దెబ్బ, రోజుకి మూడు వందల సార్లు కొట్టిన ఆ దెబ్బ, సరిగ్గా పక్కటెముకల కింద పడింది. ఎదుటివాడు మోకాళ్ల మీద కూర్చుండిపోయి పది లెక్కపెట్టేదాకా లేవలేదు.

“కొట్టిండే! సూసినవా, ఎట్ల కొట్టిండో!” అని మా ఆయన కుర్చీ మీంచి లేచి గంతులేశారు. హాలంతా లేచింది. నేను కూర్చునే ఉన్నాను. ప్రకటించేవాడు అతని పేరు గొంతెత్తి అరిచాడు. తర్వాత గొంతు దించి, ఛాంపియన్‌తో తలపడే స్థానం ఖాళీగానే ఉంటుందని కాగితం చూసి చదివాడు. అతను చెయ్యెత్తి అందరికీ నమస్కారంలాంటిదేదో పెట్టాడు. నా జీవితంలో గెలిచిన మనిషిని చూసి అంత దుఃఖపడింది అప్పుడే.

డబ్బా ఆ సోమవారం జిమ్‌లో నేను చెప్పులు పెట్టుకునే అరలో కనిపించింది. కడిగి ఉంది. లోపల నాలుగు నిమ్మకాయలు.

ఆ తర్వాత నిర్వాహకుల నుంచి అతనికి ఫోన్ రాలేదు. ఆ ఆటలో బరువు తప్పినవాడిని నమ్మరట. పాతికేళ్ల కుర్రాళ్లు వరసలో ఉండగా ముప్పై నాలుగు రాబోయేవాడికి రెండో అవకాశం ఎవరిస్తారు? అతను మాత్రం పరుగు మానలేదు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్. రోజూ సంచీకి అదే చోట మూడు వందల దెబ్బలు. నేను క్లాసుకి వెళ్లేదాన్ని, చేతులు చాపి పట్టీ చుట్టించుకునేదాన్ని, చెప్పాలనుకున్నది మింగి ఇంటికొచ్చేదాన్ని. ఆ నాలుగు నెలలు నా మీద నాకున్న కోపం అంతా ఇంతా కాదు. అది ఇంట్లో అందరి మీదా పడింది.

జనవరిలో ఒక పొద్దున, సన్నగా వాన పడుతుంటే, అతను పనికి వెళ్లడానికి ట్రక్కు ఎక్కుతుండగా పట్టుకున్నాను. అంతా చెప్పేశాను. ఉప్పు సంగతి నాకు తెలియదని, నావల్లే పోయిందని, నన్ను తిట్టమని.

అతను ట్రక్కు తలుపు మూసి నా ఎదుట నిలబడ్డాడు.

“నాకు తెలుసు సెన్యోరా.”

“ఏం తెలుసు?”

“ఉప్పు సంగతి. పదిహేడేళ్ల నుంచి తెలుసు. మీరు మూత తీసినప్పుడే తెలుసు.”

“మరి ఎందుకు తిన్నావయ్యా?” అని అరిచాను. నిజంగానే అరిచాను, టైర్ల షాపువాళ్లు తిరిగి చూశారు.

“ఆకలేసింది. అదొకటి. ఇంకా... నా కోసం ఎవరో వండి తెచ్చి, తినేదాకా ఎదురుగా నించుని చూసి చాలా ఏళ్లయింది. వద్దు అనడం నాకు చేతకాలేదు. రెండు తింటే ఏమవుతుందిలే అనుకున్నాను.”

“రెండు తిని వదిలెయ్యొచ్చుగా! మొత్తం డబ్బా ఎందుకు తిన్నావు?”

“ఖాళీ చేసి ఇమ్మన్నారు కదా” అన్నాడు. అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. “మీరు తెచ్చారు. తిన్నది నేను. బరువు చూసుకోవాల్సింది బాక్సర్. ఇది ఇంకెవరికీ చెప్పకండి, కోచ్ తట్టుకోలేడు.”

క్షమించాడని మా అమ్మాయి అంటుంది. అది నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ క్షమ భరించడం చేతకావడం లేదు. తప్పు నాది అని అతను ఒక్కసారి అని ఉంటే, ఆ మాట పట్టుకుని ఏడ్చి తేలికపడేదాన్ని.

మార్చిలో తండ్రికి బాగా లేదని కబురొచ్చి అతను ఊరికి వెళ్లిపోయాడు. ఇక తిరిగి రానని వెళ్లేముందే కోచ్‌కి చెప్పాడట. ఇప్పుడు క్లాసు ఇంకెవరో చెప్తున్నారు. పట్టీలు నేనే చుట్టుకుంటున్నాను, ఎప్పుడూ వదులైపోతాయి. ఈ వేసవి మిరపకాయలు పెట్టలేదు. డెక్ మీద ఉడతలు వచ్చి చూసి పోతున్నాయి.

పోయిన ఆదివారం ఉదయం అతను వీడియో కాల్ చేశాడు. జుట్టు మళ్లీ పెరిగింది, కాస్త ఒళ్లు చేశాడు. మీకొకటి చూపించాలి అని ఫోన్ తిప్పాడు. ఎండ పడుతున్న సన్నటి వీధి. ఎదురుగా పొడుగాటి గోడ. దాని మీద ఎరుపూ నలుపూ రంగుల్లో మనిషెత్తు అక్షరాలు, గోడ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వాళ్ల పేరు. ఇంకేమీ లేదు. ప్రత్యర్థి పేరు లేదు, చోటు లేదు, తేదీ లేదు.

ఈ పక్క గడప దగ్గర కుర్చీలో వాళ్ల నాన్న కూర్చుని ఉన్నాడు. చిన్న మనిషి, అచ్చం అతని ముక్కే. వణికే చెయ్యెత్తి గాల్లో ఒక్కో అక్షరం మీదా వేలు పెడుతూ కూడబలుక్కుని చదివాడు. చివరి అక్షరం అయ్యాక మొహం వెలిగిపోయింది. కొడుకు వైపు తిరిగి ఏదో అడిగాడు. కొడుకు ఒక్క మాటలో జవాబిచ్చాడు. ఆయన మళ్లీ ఇంకేదో అడిగాడు. కొడుకు మళ్లీ జవాబిచ్చాడు. ఆయన తృప్తిగా తలాడించి గోడ వైపు తిరిగాడు.

“ఎప్పుడు అని అడిగారా?” అన్నాను.

“రోజూ అడుగుతారు. శనివారం అని చెప్తాను.”

“రెండోసారి ఏమడిగారు?”

అతను ఫోన్ తన వైపు తిప్పుకోలేదు. నాకు గోడే కనిపిస్తోంది.

“బరువు సరిపోయిందా అని. బాక్సర్ కదా, అది కూడా మరిచిపోలేదు.”

నేనేమీ అడగకముందే అతనే అన్నాడు.

“సరిగ్గా సరిపోయింది నాన్నా అని చెప్తాను.”